పార్టీ అండ లేని గెలుపు

తెన్నేటి పార్కులో సముద్రం చూస్తూ శనగలు తిన్న మనలో, ఆ తెన్నేటి ఎవరని అడిగినవాళ్లు తక్కువే. నేనూ అడగలేదు. ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా చేరాకే తెలుసుకున్నాను.

తెన్నేటి విశ్వనాథం గారు 1953లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మంత్రి. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం మద్యనిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1966 ఉక్కు ఉద్యమానికి ఆయనే పెద్దదిక్కు. నవంబరు 1న మన ఊళ్లో పోలీసు కాల్పులు జరిగాయి. మూడు నెలలు తిరగగానే లోక్‌సభ ఎన్నికలు. ఏ పార్టీ అండా లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డ ఆయనను విశాఖ గెలిపించి ఢిల్లీ పంపింది. 'ఆంధ్రుల హక్కు' నినాదం అందరికీ కంఠతా వచ్చు, ఆ ఓటు సంగతే మరిచాం.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మార్చి మధ్యంతర ఎన్నికల్లో సీటు కాంగ్రెస్‌కు, పి.వి.జి. రాజు గారికి వెళ్లింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. అప్పటికి తెన్నేటి వారు లేరు.

2021లో పెట్టుబడుల ఉపసంహరణ కబురు వచ్చాక దీక్షా శిబిరంలో ఈ ఎన్నిక గురించి చెబుతుంటే, పక్కనున్న ట్రైనీ కుర్రాడు అడిగాడు: "తెన్నేటి అంటే పార్కే కదా సార్?"