ఐదో కాంటూరు

కొల్లేరు గట్టు ఎక్కడని పరాయి ఊరివాళ్లు అడిగితే, ఏ నెల సంగతో ముందు చెప్పమనేవారు మా లంకలో పెద్దవాళ్లు. భాద్రపదంలో మా ఇంటి వెనక దిబ్బ దాకా నీళ్లే. చైత్రంలో అదే దిబ్బ మీద నిలబడితే కనుచూపు మేర వరి, దాని అవతల కిక్కిస, ఇంకా అవతలెక్కడో నీటి మెరుపు. రెండూ కొల్లేరే. ఏడాది పొడవునా ఒక్కచోట నిలిచిన ఒడ్డు ఆ సరస్సుకు ఎన్నడూ లేదు.

హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ ఈ సంగతి పిల్లలకు లెక్క వేసి చూపించేవాణ్ణి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న పల్లం ఇది. సముద్రమట్టానికి మూడు అడుగుల ఎత్తున గీత గీస్తే లోపల పడేది 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగుల దగ్గర గీస్తే 308. పది అడుగుల దగ్గర 901. నీరు ఏడడుగులు పెరిగితే సరస్సు ఆరింతలు దాటిపోతుంది. అంత చదునైన నేల మీద ఒక మనిషి మోకాలెత్తు గట్టు వేసినా ఎక్కడో ఒకచోట నీటిదారి మారిపోతుంది. అలా ఒకే ఎత్తున గీసే గీతకు సర్వేవాళ్లు వాడే కాంటూరు అనే మాట కైకలూరు, మండవల్లి, ఆకివీడు టీకొట్లలో రోజూ వినిపించడానికి కారణం ఇదే. చదువుకోనివాళ్లు కూడా తమ చెక్క మూడో కాంటూరులో ఉందో ఐదో కాంటూరులో ఉందో తడుముకోకుండా చెబుతారు.

భూమిని మనిషి ఇక బాగుపడనంతగా పాడుచేశాడా అని ఇప్పుడు ప్రతివాళ్లూ అడుగుతున్నారు. మొత్తం భూమి గురించి చెప్పే చదువు నాకు లేదు. పుట్టి పెరిగిన సరస్సు చరిత్ర మాత్రం తెలుసు.

సరస్సు పాతదే. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఈ దాపుల్లోనే ఉండేదనీ, నదులు ఒండ్రు పోసుకుంటూ డెల్టాలను ముందుకు జరపగా మధ్యలో చిక్కుకున్న పల్లమే కొల్లేరనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రెండో పులకేశి విజయాలను కీర్తించే ఐహోళె శాసనం క్రీ.శ. 634 నాటిది. పిఠాపురం గెలిచిన వెంటనే అందులో వచ్చే కునాల జలాలు కొల్లేరువేనని చాలామంది చరిత్రకారుల మాట. కొల్లేటికోట లంకలో లాంగూల గజపతి అనే రాజు కోట ఉండేదన్న కథ మాకు అమ్మమ్మలు చెప్పారు. నీళ్లే ఆ కోటకు అగడ్త. శత్రు సేనాని ఒడ్డున చిగురుకోటలో దిగి, కోట పట్టుబడక, సరస్సునే సముద్రంలోకి దించేయడానికి కాలువ తవ్వించాడట. గెలుపు కోసం లోపలి సేనాని కన్నకూతుర్ని బలి ఇచ్చాడట. ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు. సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఈనాటి ఉప్పుటేరు అదేనంటారు. నిజమెంతో తేల్చలేం గానీ, కొల్లేరును ఎండగట్టి గెలవాలన్న ఆలోచన మా కథల్లోకి ఎంత ముందే వచ్చిందో చూడండి. ఆ పోరులో బలైన పిల్ల పేరు కూడా కథలో మిగల్లేదు. చిన్నప్పుడు విన్నప్పటి నుంచీ నన్ను బాధపెట్టేది అదే.

అసలు మార్పు ఆనకట్టలతో మొదలైంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855కి లేచింది. రెండు డెల్టాలూ పచ్చబడ్డాయి. ఆ పచ్చదనం మీద మా జిల్లాలు ఒకటిన్నర శతాబ్దానికి పైగా బతుకుతున్నాయి, దాన్ని తక్కువ చేయను. అయితే పొలాల్లో పారిన నీరు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అంతకు ముందు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే వాన నీటితో నిండే కొల్లేరు, ఇప్పుడు రెండు డెల్టాల మురుగు కాలువలకు కూడా గమ్యమైంది. బయటికి దారి మాత్రం అదే ఒక్క ఉప్పుటేరు, అరవై కిలోమీటర్ల వంకర ప్రయాణం. పెద్ద వరదప్పుడు కొల్లేట్లోకి లక్ష క్యూసెక్కులు దాటి దూకుతాయి. ఉప్పుటేరు మోసుకుపోగలిగేది పన్నెండు వేల క్యూసెక్కులు. 1964 వరద తరువాత వేసిన మిత్రా కమిటీ నుంచి ఇప్పటిదాకా ప్రతి నివేదికా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

అయినా సరస్సు తట్టుకుంది, మేమూ తట్టుకున్నాం. ఎలా తట్టుకున్నామో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పద్ధతిని చూసినవాళ్లు తగ్గిపోతున్నారు.

వానాకాలంలో అందరిదీ నీటి బతుకు. చేపల వేటే వృత్తిగా ఉన్న వడ్డీ కులస్థులు తాటి దోనెల మీద గెడ వేసుకుంటూ తెల్లవారక ముందే వెళ్లేవారు. తాటిచెట్టు మొదలు భాగాన్ని తొలిచి చేసిన ఆ దోనెలో కొత్తవాడు నిలబడితే రెండు నిమిషాల్లో నీళ్లలో ఉంటాడు. వాళ్లు దానిమీద నిలబడే వల విసిరేవారు. నీటి వాలు చూసి, చేపలు చిక్కేలా మావులు కట్టేవారు. కొరమీను, మార్పు, ఇంగిలాయి లాంటి నల్లజాతి చేపలు బురద నీళ్లలోనూ బతుకుతాయి, తట్టలో వేసినా గంటల తరబడి కదులుతూనే ఉంటాయి. సంక్రాంతి దాటాక నీళ్లు లాగడం మొదలయ్యేది. ఒడ్డు వెనక్కి జరిగిన కొద్దీ ఆ తడి నేల మీద దాళ్వా వరి వేసేవాళ్లం. ఏడాదికి అదొక్కటే పంట. మళ్లీ నీళ్లు వచ్చేలోగా కోసుకోవాలి. కోసిన చోట గేదెలు మేసేవి. కిక్కిస కోసి ఇళ్లు కప్పేవాళ్లం. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవలు కట్టించుకుని వెళ్లేవాళ్లం. ఒకే నేల మీద చేపలవాడికీ, రైతుకీ, గేదెల కాపరికీ వేర్వేరు నెలల్లో హక్కు ఉండేది. తగాదాలు లేవని అనను, ఉండేవి. లంకలో తలలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఏ ఒక్కరూ నేలను పన్నెండు నెలలూ తనదేనని కంచె వేయలేదు. వేసినా భాద్రపదం దాన్ని ఉండనిచ్చేది కాదు.

ఆ కంచె పని చెరువు గట్టు చేసింది.

1976లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, సరస్సులో చేపల చెరువులు తవ్వించి మత్స్యకారుల సహకార సంఘాలకు ఇచ్చే పథకం మొదలైంది. ఉద్దేశం మంచిదే. వరదకీ ఎండకీ మధ్య నలిగే పేద కుటుంబాలకు నికరమైన ఆదాయం చూపాలన్నది. తొలి చెరువుల్లో బొచ్చె, రాగండి దిగుబడి చూసి మా ఊళ్లో సంబరపడని ఇల్లు లేదు. నేనూ సంబరపడ్డాను. తరువాత పదిహేనేళ్లలో జరిగింది వేరు. డబ్బున్నవాళ్లు వచ్చి సంఘాల చెరువులు లీజుకు తీసుకున్నారు. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ-ఫారం పట్టాలు చేతులు మారాయి. సంఘం సభ్యుడు తన పేరున ఉన్న చెరువుకే కాపలాదారుగా, పట్టుబడి రోజున వల లాగే కూలీగా మారాడు. తవుడు, కోడిపెంట లారీల్లో వచ్చేవి, ఐసు వేసిన చేపలు లారీల్లో హౌరాకి వెళ్లేవి. పట్టుబడి అయ్యాక చెరువు అడుగు నీరు నేరుగా డ్రెయిన్లోకి వదిలేవారు. ఒక్కో గట్టూ పక్క గట్టుతో కలిసి, నీరు ఆగిన చోట గుర్రపుడెక్క అల్లుకుని, పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు అడ్డం పడేది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1967 నాటి పటాన్నీ 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. పాత పటంలో చేపల చెరువు ఒక్కటీ లేదు. కొత్త చిత్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి, వంద చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుని. ఆ రెండింటి మధ్య గడిచింది ముప్పై నాలుగేళ్లే. ఒక్కో గట్టు వేసిన రోజున అదొక్కటే సరస్సును చంపేదేమీ కాదు. వాటిలో ఏ ఒక్కదాన్నయినా ఆ ఏడాదే పారలతో కొట్టేసి ఉండొచ్చు. ఎప్పుడు దాటిపోయామో చెప్పగలిగే గుర్తు ఏదీ ఆ ముప్పై నాలుగేళ్లలో లేదు.

పక్షులు ఆ సంగతి అంతకన్నా ముందే చెప్పాయి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారు. అప్పట్లో దాదాపు మూడు వేల పక్షులు గూళ్లు కట్టేవని ఆయన లెక్క. 1975 ప్రాంతానికి ఆ స్థావరమే లేకుండా పోయింది. చెరువులు ముమ్మరం కాకముందే అవి వెళ్లిపోయాయంటే, అప్పటికే సరస్సులో ఏదో సడలిందన్నమాట.

1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. గట్లు మాత్రం కదల్లేదు. చివరికి సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006 వేసవిలో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. పొక్లెయినర్లు వచ్చాయి, పేలుడు పదార్థాలు వచ్చాయి. నలభై వేల ఎకరాలకు పైగా చెరువుల గట్లు తెగాయి. ఆ పేలుళ్లు మా బడి దాకా వినిపించేవి. లీజుదారుల కార్లు వెళ్లిపోయాయి, అప్పులు మా ఊళ్లో మిగిలాయి. కళ్ల ముందు కూలి పని పోతుంటే ఏడ్చిన ఆడవాళ్లను చూసి, సరస్సు బాగుపడుతుందని సంతోషించడానికి నాకు మనసు రాలేదు. సరస్సు కావాలనుకునే నాలాంటివాళ్లు ఆ వేసవిలో వాళ్ల బతుకుదెరువు కోసం అంతే గట్టిగా మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ తరువాతి వానాకాలానికే నీరు పరుచుకుంది. పరజలు, నత్తగుల్ల కొంగలు దిగాయి. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. ప్రకృతికి అంత ఓర్పు ఉంది. మధ్య ఆసియాలో పత్తి సాగు కోసం నదులు మళ్లించి ఎండబెట్టిన అరల్ సముద్రంలోనూ, 2005లో కోక్-అరల్ ఆనకట్ట కట్టాక ఉత్తరపు ముక్కలో నీరు పెరిగింది, చేపలు తిరిగొచ్చాయి. దక్షిణపు ముక్క మాత్రం చాలా మేర ఉప్పు ఎడారే. ఒకే సముద్రంలో ఒక ముక్క మరలింది, ఇంకో ముక్క మరల్లేదు.

మా దగ్గర మరలనిది ఏదో నాకు తెలియజేసింది ఒక వడ్డీ పెద్దాయన. ఆపరేషన్ అయిన మరుసటి ఏడు కలిసినప్పుడు, “బాబాయ్, ఇక మళ్లీ దోనె వేసుకోవచ్చుగా” అన్నాను. “గట్టు పోయింది గానీ మాస్టారూ, మావులు కట్టడం మావాడికి రాదండి” అన్నాడాయన. “వాడికి చెరువు తెలుసు, కొల్లేరు తెలవదు. నీటి వాలు ఎటుందో చూడమంటే నా మొహం వంక చూస్తాడు.”

ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది. నేర్పుతో బతికే దారి తెగిపోయినవాడికి చెరువు తప్ప మరో ఆదాయం కనపడలేదు. తెగిన గట్లు ఒక్కొక్కటే పూడాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం పంపిన అజీజ్ కమిటీ కుదించవద్దని చెప్పింది. ఆ పోరు ఇప్పటికీ తెగలేదు. ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు లోపలికి ఎక్కువగా ఎక్కుతోంది, కొన్నిచోట్ల చేప చెరువు రొయ్యల చెరువైంది. చుట్టూ నీళ్లున్న లంకల్లో తాగునీళ్లు డబ్బాల్లో కొంటున్నాం.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. దానికి కారణం కొల్లేరు ఒక్కటే అనడం తప్పు. గండ్లు ఎగువన పడ్డాయి. కానీ ఊరు విడిచిన ఆ నీరు మా లంకల్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు, ఎందుకంటే పరుచుకోవాల్సిన చోట గట్లున్నాయి, పోవాల్సిన చోట ఉప్పుటేరు పూడి ఉంది. ఐదో కాంటూరు గురించి హైదరాబాదులో, అమరావతిలో మాట్లాడేవాళ్లు ఆ వారం మా ఊరి రోడ్డు మీద నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చేయాల్సినవి పెద్ద రహస్యాలేమీ కావు. ఐదో కాంటూరు లోపల రైతుల సొంతమైన జిరాయితీ భూములు వేల ఎకరాలున్నాయి. ఆ రైతులకు న్యాయమైన పరిహారం ఇవ్వకుండా గీత నిలవదు. ఉప్పుటేరు పూడిక తీయాలి, పోటు నీరు ఎక్కకుండా రెగ్యులేటర్ కట్టాలి. అభయారణ్యంలో సంప్రదాయ చేపల వేటకు నిబంధనల్లోనే చోటుంది. ఆ హక్కును సంఘాల పేరున కాకుండా వేటాడే కుటుంబాల పేరున రాసివ్వాలి. మావులు కట్టడం వచ్చినవాళ్లు లంకల్లో ఇంకా ఉన్నారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. వాళ్లకు జీతమిచ్చి కుర్రాళ్లకు నేర్పించమని మత్స్యశాఖను అడుగుతున్నాను, ఈ ఏడు నీళ్లు లాగక ముందే.