రాయి నుంచి సీసపు బెల్టు వరకు: నీటిలో మునిగే మనిషి బరువు చరిత్ర

1. పరిచయం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విద్యార్థులకు వల కొత్తది కాదు. నిజాంపట్నం రేవులో చూస్తే వల పై అంచుకు బెండ్లు, కింది అంచుకు బరువు గుళ్లు కనిపిస్తాయి. బెండ్లు పెంచితే గుళ్లూ పెంచాలి. లేకపోతే వల నీటిలో సరిగా నిలవదు. నీటిలోకి దిగే మనిషి చరిత్ర కూడా ఈ లెక్క చుట్టూనే తిరిగింది. ఈ భాగం చదివిన తర్వాత, డైవర్ దుస్తులు మారినప్పుడల్లా అతని బరువు ఎందుకు మారవలసి వచ్చిందో మీరు వివరించగలగాలి.

2. రాయి కాలం

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో ముఖ్యమైన రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం సుంకం విధించిన సరకులలో ముత్యాలూ ఉన్నాయి, సీసమూ ఉంది. మోటుపల్లిని ‘ముత్ఫిలి’గా పేర్కొన్న మార్కో పోలో, తమిళ తీరంలో ముత్యాల కోసం మునిగేవారిని కూడా వర్ణించాడు.

మన్నారు సింధుశాఖలో మునిగేవారి ఒంటిపై గుడ్డ దాదాపు ఉండేది కాదు. ఊపిరి నిండా గాలి పీల్చిన మనిషి నీటిపై తేలుతాడు. అందుకే తాడు కట్టిన బరువైన రాయిపై కాలు మోపి దిగేవారు. అడుగు చేరగానే రాయిని వదిలేసేవారు. పడవలోని సహాయకుడు దానిని పైకి లాగేవాడు. ఇక్కడ గమనించవలసిన విషయం: బరువు ఒంటికి కట్టినది కాదు.

3. దుస్తులు తెచ్చిన మార్పు

1837లో ఆగస్టస్ సీబే రూపొందించిన మూసివున్న డైవింగ్ దుస్తులలోకి పైనుంచి గాలి పంపేవారు. గాలి నిండిన దుస్తులు తేలతాయి కనుక సీసపు అడుగులున్న బూట్లు, ఛాతీకి, వీపుకు సీసపు దిమ్మలు తప్పనిసరి అయ్యాయి. బరువు ఒంటికి అంటుకుంది. డైవర్ ప్రాణం పైన తాడు పట్టుకున్నవారి చేతుల్లో ఉండేది.

1943లో కుస్తో, గాన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్ డైవర్‌ను ఆ గొట్టం నుంచి విడిపించింది. అయితే చలి మిగిలింది. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు నియోప్రీన్. దాని నురుగుతో వెట్‌సూట్ చేయవచ్చని 1950ల తొలి సంవత్సరాలలో భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ చూపాడు. నురుగులోని వాయు బుడగలు వేడిని కాపాడతాయి. ఆ బుడగలే మనిషిని పైకి తేలుస్తాయి. అందుకే నడుముకు సీసపు బెల్టు వచ్చింది. ఒక్క చేత్తో విప్పే కట్టుతో, అడుగున రాయిని వదిలేసే పాత స్వేచ్ఛ తిరిగి లభించింది.

4. బరువు లెక్క

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, తొలగించిన నీటి బరువెంతో ఉత్ప్లవన బలమంత. లోపల ఒక నియోప్రీన్ చొక్కా, తలకు ఒక టోపీ చేర్చినా సీసం పెంచాలి. మంచినీటి నుంచి సముద్రంలోకి వెళితే, సామగ్రితో 100 కిలోలుండే డైవర్‌కు సుమారు 2.5 కిలోలు అదనం కావాలి.

అయితే 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపవుతుంది. బుడగలు నలిగి సూట్ పలచబడుతుంది. పైన సరిపోయిన సీసమే అక్కడ కిందికి లాగుతుంది. కనుక ‘ఎందుకైనా మంచిది’ అని ఎక్కువ బరువు కట్టుకోవడం ప్రమాదం. తక్కువ కట్టుకున్నా చిక్కే. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు అందులోని గాలి బరువే 2 కిలోలు దాటవచ్చు. అది ఖర్చయ్యేకొద్దీ డైవర్ తేలికై, చివర్లో పైకి తేలిపోతాడు. అందువల్ల పూర్తి దుస్తులతో, దాదాపు ఖాళీ సిలిండర్‌తో నీటిపై పరీక్షించుకోవాలి. మామూలు ఊపిరి పట్టి కదలకుండా ఉంటే నీరు కళ్ల మట్టానికి రావాలి.

బంగాళాఖాతపు వెచ్చని నీటిలో పలచని సూట్‌తో నేర్చుకున్నవారు చలి దేశంలో మందపాటి సూట్ వేసుకుంటే, పాత అంకె పనికిరాదు.

5. సారాంశం

చలి నుంచి రక్షణ పెరిగిన ప్రతిసారీ బరువు లెక్క మళ్లీ మొదలైంది. ఎంత బరువు అన్నది ఎంత ముఖ్యమో, దానిని సమయానికి వదలగలగడం అంత ముఖ్యమని ముత్యాల కోసం మునిగినవారి రాయి చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ముత్యాల కోసం మునిగేవారి రాయిని, సీబే దుస్తుల సీసాన్ని, సీసపు బెల్టును భద్రత దృష్ట్యా పోల్చండి.