డూమ్ ఆటలో మేం చూడని రెండు భాగాలు

మూకండపల్లి రాగిచేలల్లో సిప్కాట్ షెడ్లు లేచినాక మా ఊరికి చాలా వస్తువులు వచ్చినాయి. కంప్యూటర్ మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1996లో హోసూరులో కంప్యూటర్ నేర్పే ఒక చోట, సారు లేని వేళ చూసి, నేనూ, ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే మా బావా డూమ్ ఆడేవాళ్లం. ఇద్దరికీ ఒకే కీబోర్డు. నడిపేది నేను, కాల్చేది బావ. చప్పుడు బయటి గదికి వినబడుతుందని శబ్దం పూర్తిగా ఆపేసేవాళ్లం. అంటే మేం భయపడిందంతా మూగభయమే.

ఆ ఆట టెక్సాస్‌లోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థది. 1993 డిసెంబరు 10న విడుదలైంది. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ మీది స్థావరంలో నరకానికి తలుపు తెరుచుకుంటుంది. మిగిలిన ఒక్క సిపాయే మనం. ఫోబోస్ అంటే గ్రీకులో భయమనే అర్థం. ప్రోగ్రాము జాన్ కార్మాక్‌ది. మొదటి భాగంలో అంకాలు ఎక్కువగా జాన్ రొమేరో కట్టినవి. తరువాతి రెండు భాగాల్లో పెద్ద పాలు శాండీ పీటర్సన్‌ది. ఆయన అంతకుముందే, 1981లో, లవ్‌క్రాఫ్ట్ భయానక కథల ఆధారంగా బల్లమీద ఆడే ఆట ఒకటి రాసినవాడు. రాక్షసుల్లో కొందరిని మట్టితో బొమ్మలు చేసి, కెమెరాతో పట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. మన కుమ్మరి చేతికి తెలిసిన పనే!

ఇందులో అమ్మకం తీరు ముఖ్యం. మూడు భాగాలు, భాగానికి తొమ్మిది అంకాలు. మొదటి భాగం ఉచితం. ఎవరైనా ఎవరికైనా పంచవచ్చు. మిగతా రెండూ కావాలంటే డబ్బు పంపి తెప్పించుకోవాలి. రెండు ఫ్లాపీల్లో చేతులు మారుతూ మా దాకా వచ్చింది ఆ ఉచిత భాగమే. అది సగం కూడా కాదని మాకు చెప్పినవాళ్లు లేరు.

ఆ భాగం చివర ఇద్దరు పెద్ద రాక్షసుల్ని చంపాక గోడలు దిగుతాయి. మెట్టెక్కి ముందుకు పోతే చీకటి గది, చుట్టూ భూతాలు. ప్రాణం తరిగిపోయి తెర మారుతుంది. ఇంగ్లీషులో ఏదో రాసి వస్తుంది. తెలుగు బడిలో చదివిన నేను దాన్ని కూడబలుక్కొనేలోపలే బావ లేచినాడు.

"సచ్చిపాయె గదప్పా, ఇంగేముంది, లెయ్యి."

ఇరవై ఎనిమిదేండ్లు నాకూ అంతే. గెలిచినా చావే అన్న ఆట అని నలుగురికీ చెప్పినాను కూడా.

నిరుడు మొత్తం ఆట కొని ఆడినాను. ఆ ఇంగ్లీషు నిదానంగా చదివితే ఉన్నది వేరే: వాడు చావలేదు, డీమోస్ అనే రెండో ఉపగ్రహం మీద తేలినాడు, దారి ఇంకా ఉంది. ఇప్పటి యంత్రం మీద ఇంత పాత ఆట నడవడానికీ కారణముంది. 1997 డిసెంబరులో కార్మాక్ దాని మూల ప్రోగ్రామును అందరికీ ఇచ్చేసినాడు. ముక్కూమొగం తెలియనివాళ్లు దాన్ని కొత్త యంత్రాలకు మలుస్తూ వచ్చినారు. నేను ఆడింది చాక్లెట్ డూమ్ అనే రూపంలో. పాత ఆట పాతగానే ఉంటుంది, తప్పులతో సహా.

ఈసారి శబ్దం పెట్టుకొన్నాను. మనం కాల్చిన చప్పుడుకు పక్క గదుల్లోవి మేలుకొని గుర్రుమని వస్తాయి. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. రెండు రాత్రులు దీపం వేసుకొనే ఆడినాను. వయసు చెప్పను!

ఆఖరి అంకం ఒంటరిగా ఆడబుద్ధి కాలేదు. బావను పిలిపించినాను. ప్రెస్ షాపులో ముప్పై ఏండ్లు చేసి ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఆ గుర్రులు ఆయనకు ఇప్పటికీ లేవు. వచ్చి కూర్చొని, అడక్కుండానే కంట్రోల్ మీట మీద వేలు పెట్టినాడు. రెండుసార్లు చచ్చి, మూడోసారి ఆ పెద్ద సాలీడును పడగొట్టినాం. భూమికి తలుపు తెరుచుకుంది. పచ్చని పచ్చిక, ఒక కుందేలు. బొమ్మ పక్కకు జరుగుతూ పోయింది. దూరంగా ఊరు తగలబడుతోంది. ఆ కుందేలు తలే కొయ్యకు గుచ్చి ఉంది.

బావ కండ్లద్దాలు సర్దుకొని తెరకు దగ్గరగా వంగినాడు.

"ఇంటికాడికి వచ్చినాడు గదా. మరి ఇండ్లేవిరా?"