దామలచెరువు కనుమలో నవాబు, మా పొయ్యి దగ్గర నానీ

చిత్తూరు ప్రాంతపు చరిత్ర పుస్తకం తెరిస్తే మేము కనపడతాం. కాకపోతే గుర్రం మీద కనపడతాం. 1740 మే నెలలో దామలచెరువు కనుమలో మరాఠాలతో పోరాడి ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయాడు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో దండు విడిదిలో హైదరలీ కన్నుమూశాడు. రావడం, కొట్లాడడం, చచ్చిపోవడం. మాకు అక్కడ దక్కిన చోటు ఇంతే. ఆ గుర్రాలకు గడ్డి కోసినవాడు, డేరాకు కుట్టు వేసినవాడు, ఆ తర్వాత ఈ ఊళ్ళల్లోనే ఉండిపోయి గాజులమ్మినవాళ్ళు, పరుపులు కుట్టినవాళ్ళు, చింతపండు బేరం చేసినవాళ్ళు ఏ పేజీలోనూ లేరు.

వాళ్ళు మా నానీ చెప్పిన కథల్లో ఉన్నారు. నానీ బడి మొహం చూడలేదు. వేలితో తడుముతూ ఖురాన్ చదివేది గానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆమె మాట దక్కనీ. అవునంటే 'హౌ', వద్దంటే 'నక్కో'. మధ్యలో తెలుగు సామెత, అరవం తిట్టు. ఆ భాషను చూసి గ్రాంథికపు ఉర్దూ వచ్చిన పెద్దలు నవ్వేవాళ్ళు, తెలుగు పంతుళ్ళూ నవ్వేవాళ్ళు. 1635లో ముల్లా వజహీ 'సబ్ రస్' రాసింది గోల్కొండలో, ఈ దక్కనీలోనే. ఉర్దూ వచన కథకు తొలి మెట్లలో ఒకటి తెలుగు నేల మీదే పడిందని మాకు బి.ఏ. చదివేదాకా ఎవరూ చెప్పలేదు. పరుగున వచ్చి నానీకి చెబితే, 'అయితే ఏంది?' అన్నట్టు చూసింది.

ఆమె కథల్లో తిరుపతి వాళ్ళందరికీ తెలిసింది బీబీ నాంచారమ్మ కథ. దండు ఎత్తుకొచ్చిన విగ్రహంతో ఆడుకుని, దాని మీద మనసు పడి, విగ్రహం వెనక్కి పోతే తానూ వెంట వచ్చేసిన పాదుషా కూతురు. శ్రీరంగంలో ఆమె తుళుక్క నాచ్చియార్, అక్కడ రొట్టె నైవేద్యం. మేల్కోటలో మరో తీరుగా చెబుతారు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిములు వెంకటేశ్వరుణ్ణి అల్లుడనుకుని గుడికి పోతారు. చరిత్రకారుడు దీనికి శాసనం అడుగుతాడు. అడగనీండి. ఈ కథ నచ్చనివాళ్ళు రెండు మతాల్లోనూ ఉన్నారు. వాళ్ళనూ ఉండనీండి. మా నానీ చెబుతుంటే పాదుషా రెండు మాటల్లో అయిపోయేవాడు. కథ ఆ పిల్ల తల్లి దగ్గర నిలబడేది. కూతురు పోయిన తెల్లారి ఆ తల్లి అలవాటు చొప్పున రొట్టెలు ఎన్ని చేసింది, ఒకటి మిగిలితే దాన్నేం చేసింది, అదంతా చెప్పేది. కథలో ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో మాకు నేర్పింది ఆ మిగిలిన రొట్టే.

తీరా రాయడం మొదలుపెట్టాక దాన్ని మరిచిపోయాం. మొదటి కథలో అమ్మీని అమ్మ చేశాం, అబ్బాను నాన్న చేశాం. ఒక వారపత్రిక వేసుకుంది. రెండో కథలో అమ్మీని అమ్మీగానే మాట్లాడనిచ్చాం. తిరిగొచ్చింది. ఈ మాటలు పాఠకులకు అర్థం కావట, బదులుగా ఏదైనా సమైక్యత కథ రాయమని సలహా. సమైక్యత కథంటే మీకు తెలుసుగా, గొడవల్లో హిందూ స్నేహితుణ్ణి కాపాడి తాను ప్రాణం విడిచే సాయిబు. ఇక్కడా చావే! నవాబు కత్తికి చచ్చిపోతే మేము మంచితనానికి చచ్చిపోవాలి. ఆరేళ్ళు కథ ముట్టుకోలేదు. ఉర్దూ వార్తలు తెలుగులోకి, తెలుగు వార్తలు ఉర్దూలోకి మార్చి జీతం తీసుకున్నాం.

తర్వాత మామిడి మండీల మీద వార్త రాయడానికి దామలచెరువు పోయాం. నవాబు పడిపోయిన కనుమ ఎటువైపని అడిగితే ఒకరిద్దరు తెల్లమొహం వేశారు. కథలు రాసిన పంతులుగారి ఇల్లంటే మాత్రం వెంటనే చెయ్యి చూపించారు. మధురాంతకం రాజారాం ఆ ఊళ్ళో ఉంటూ, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, వందల కథలు రాశారు. 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, 1999లో పోయారు. కథల కోసం ఆయన దూరదేశాలేవీ వెదుక్కోలేదు, చుట్టూ ఉన్న రైతులు, పంతుళ్ళే సరిపోయారు. తిరుపతి దగ్గర మిట్టూరు నుంచి నామిని సుబ్రమణ్యం నాయుడు తన ఇంటి మాటను ఉన్నదున్నట్టు అచ్చుకెక్కిస్తే తెలుగు పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. మరి మా అమ్మీ మాటకే అర్థాల పట్టిక ఎందుకు?

ఆ ప్రశ్న మేమొక్కరమే వేసుకోలేదు. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' ముస్లిం కథల పుస్తకం వచ్చింది. మా పక్క కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' రాశాడు, 2012లో దానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. నిజం చెప్పాలంటే మేము సంతోషించాం, కుళ్ళుకున్నాం కూడా. ఆ కుళ్ళు కూడా కొన్నాళ్ళు చేత రాయించింది.

ఇప్పుడు ఫజర్ నమాజు తర్వాత ఒక గంట రాస్తాం. ఆదివారం పొయ్యి దగ్గర కూచుని అమ్మీకి చదివి వినిపిస్తాం. ఆమెకూ తెలుగు చదవడం రాదు, వింటూ రొట్టెలు ఒత్తుతుంది. ఆమె చెయ్యి ఆగకుండా సాగిపోయిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుంటాం. మొన్న పరుపులు కుట్టే ఒక ముసలాయన కథ చదువుతుంటే మధ్యలో ఆపి, 'ఒక పరుపుకు దూది ఎంత పడుతుంది?' అనడిగింది. కథలో ఆ లెక్క లేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని పరుపులంగడికి బయల్దేరాం.