జీన్స్: పేరు ఒక ఊరిది, గుడ్డ మరొక ఊరిది

జీన్స్ అన్న మాట నేడు నీలిరంగు ముతక ప్యాంటుకు పేరుగా స్థిరపడినప్పటికీ, మొదట అది ఏ దుస్తుకూ పేరు కాదు. ఇటలీలోని జెనోవా రేవుతో ముడిపడిన ఒక గట్టి మిశ్రమ నేత గుడ్డను, ఆ నగరానికి ఫ్రెంచి భాషలో ఉన్న పేరును బట్టి, 16వ శతాబ్దపు ఆంగ్లేయులు ‘జీన్’ అని వ్యవహరించారు. ఇప్పటి ప్యాంట్లకు వాడే గుడ్డ పేరు డెనిమ్. దక్షిణ ఫ్రాన్సులోని నీమ్ పట్టణపు సెర్జి గుడ్డ అని అర్థమిచ్చే ‘సెర్జ్ ద నీమ్’ నుండి ఈ పేరు పుట్టిందన్నది ఎక్కువమంది అంగీకరించే వ్యుత్పత్తి. అయితే ఆ ఫ్రెంచి గుడ్డలో ఉన్ని కలిసేదనీ, డెనిమ్ నూలు గుడ్డగానే పేరు పొందిందనీ గమనిస్తే, పేరు వలస వెళ్ళినంత నిక్కచ్చిగా నేత వలస వెళ్ళలేదని చెప్పవలసి ఉంటుంది.

19వ శతాబ్దపు అమెరికా బజారులో ఈ రెండూ వేర్వేరు సరుకులు. రెండూ గుడ్డపై ఏటవాలు గీతలు తేలే నేతకు చెందినవే అయినా, జీన్‌లో పడుగూ పేకా, అనగా నిలువు దారమూ అడ్డదారమూ, ఒకే రంగులో ఉండగా, డెనిమ్‌లో పడుగు నీలిగానూ పేక తెల్లగానూ ఉండేవి. కాయకష్టం చేసేవారు డెనిమ్‌నే ఎంచుకునేవారు.

ఈ చరిత్రలో భారతదేశపు పాలు చిన్నది కాదు. ముతక పనిబట్టలకు ఇంగ్లీషులో వాడే ‘డంగరీస్’ అన్న మాట బొంబాయిలోని డోంగ్రీ ప్రాంతం పేరు మీద వచ్చినదే. డెనిమ్ పడుగుకు రంగునిచ్చే నీలిమందు సంగతి అంతకంటె ముఖ్యమైనది. మద్రాసు ప్రెసిడెన్సీలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు నీలి సాగుకు పేరుపడ్డవి. 1897లో జర్మనీకి చెందిన బాస్ఫ్ సంస్థ కృత్రిమ నీలిని విపణిలోకి తెచ్చాక ఆ సాగు క్రమంగా క్షీణించింది. నీలిమందు నీటిలో కరగదు కనుక బానలో రసాయనాలతో దాన్ని కరిగే రూపానికి తెచ్చి, అందులో ముంచిన దారాన్ని పైకి తీస్తారు. అప్పుడు గాలిలోని ఆక్సిజన్ సోకి రంగు మళ్ళీ కరగని నీలమై దారపు పైపొరకే అంటుకుంటుంది. లోపల తెలుపు మిగిలి ఉండడం వల్లనే రాపిడి తగిలిన మోకాళ్ళూ జేబు అంచులూ వెలిసిపోతాయి. ఏ ఇతర గుడ్డలోనైనా నాసితనంగా ఎంచే ఈ గుణం, విచిత్రంగా, దీనికి ఆకర్షణ అయింది.

ప్యాంటు రూపం స్థిరపడినది నెవాడాలోని రీనో పట్టణంలో. జేబు మూలలు చినగకుండా రాగి రివెట్లు బిగించిన దర్జీ జేకబ్ డేవిస్, పేటెంటు ఖర్చు భరించలేక తనకు గుడ్డ సరఫరా చేసే సాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్‌ను భాగస్వామిగా చేర్చుకోగా, 1873 మే 20న పేటెంటు లభించింది. అయినా స్ట్రాస్ సంస్థ తన సరుకును చాలాకాలం ‘ఓవరాల్స్’ అనే పిలిచింది. గనిపనివారు, పశువుల కాపరులు తొడిగిన ఈ బట్టను, 1955 నాటి ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ చిత్రంలో జేమ్స్ డీన్ ధరించిన తరువాతి కాలంలో యువతరం తిరుగుబాటు గుర్తుగా చేసుకొంది. కొన్ని పాఠశాలలు దాన్ని నిషేధించాయి కూడా. యువతరం నోట నలిగిన ‘జీన్స్’ అన్న పేరును 1960 ప్రాంతంలో గాని సంస్థ స్వీకరించలేదు.

భారతదేశంలో 1980ల దాకా ఇది ఎక్కువగా విదేశీ మోజు వస్తువే. అహ్మదాబాదు అరవింద్ మిల్స్ ఆ దశాబ్దంలో డెనిమ్ నేతకు పూనుకొని, 1990ల నడుమ ‘రఫ్ అండ్ టఫ్’ పేరిట గుడ్డ, జిప్పు, రివెట్లు, బొత్తాం కలిపి ఒకే పొట్లంగా అమ్మడంతో, చిన్న ఊళ్ళలోని దర్జీ కూడా జీన్స్ కుట్టగలిగాడు. తెలుగు వాడుకలో దానికి ‘ప్యాంటు’ అన్న తోక తప్పనిసరి అయింది. ‘జీన్స్ చొక్కా’, ‘జీన్స్ బ్యాగు’ అన్న మాటలు కూడా వినిపించడం చూస్తే, ఆ పదం తెలుగులో మళ్ళీ గుడ్డ పేరుగానే మారిందనవచ్చు, డెనిమ్ అన్న మాట దుకాణం పలుకుబడిగా మిగిలిపోయింది.

ప్రస్తుతం అనంతపురం జిల్లా రాయదుర్గం, సరిహద్దుకు అవతల కర్ణాటకలోని బళ్ళారి జీన్స్ కుట్టుపనికి కేంద్రాలుగా పేరుపొందాయి. కుట్టిన ప్యాంటును పాతదానిలా కనిపించేటట్టు మరల మరల ఉతికే దశకు నీరు విస్తారంగా కావాలి, వానలేమో ఈ ప్రాంతంలో అంతంత మాత్రం.