చేలో దిగాకే నోట వచ్చే మాటలు

బెయిరా ఓడరేవు నుంచి జింబాబ్వే సరిహద్దుకు పోయే పెద్ద రోడ్డు మీద లారీల మోత ఇంకా వినబడుతూనే ఉంది. చిమోయో పట్టణం దాటాక మీరు ఎర్రమట్టి బాట పట్టారు. ఇది మొజాంబిక్ నడిబొడ్డున ఉన్న మానికా రాష్ట్రం. ఫిబ్రవరి నెల, ఇక్కడ వానాకాలం. రాత్రి కురిసిన వానకు చెప్పుల కింద మట్టి పెడ్డలు కడుతోంది. విప్పి చేత పట్టుకోండి. మీ ముందు నడుస్తున్న పిల్లలు ఆ పని ఎప్పుడో చేశారు.

బడి వెనకాల అర ఎకరం చేను. ఇక్కడివాళ్లు ‘మషాంబ’ అంటారు. మొక్కజొన్న మోకాళ్ల ఎత్తుంది. సాళ్ల మధ్య అలసంద, వెనకవైపు బోదెల మీద చిలగడదుంప తీగ. తరగతులు అయిపోయిన పిల్లలు ముప్పై మంది చేలోకి దిగారు. ఆడపిల్లలు సగం, మగపిల్లలు సగం. అందరిలోకీ చిన్నవాడికి పన్నెండేళ్లు, పెద్దవాళ్లకు పద్దెనిమిది. ఒకమ్మాయి వీపున కపులానా గుడ్డలో చంటిబిడ్డ నిద్రపోతోంది. ఆ పిల్ల ఇంకా పదోతరగతి దాటలేదు.

ఐదుగురేసి జట్లు కట్టారు. మీరూ ఒక జట్టు వెంట నడవండి. పచ్చచొక్కా పిల్ల ఒక మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, ఆకు మీద తెల్లగా పొరలా మిగిలిన మచ్చ చూపించింది. పచ్చదనమంతా ఏదో గీకి తినేసింది. సుడి విప్పితే లోపల తడితడిగా రెట్ట గుళికలు. పుల్లతో మెల్లగా కదిపితే పురుగు బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని మీ ముఖం దగ్గరికి తెచ్చింది. తల మీద తిరగేసిన ‘వై’ ఆకారపు గీత, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. మీది మొక్కజొన్న పండించే ఊరైతే పేరు ఎవరూ చెప్పక్కర్లేదు, కత్తెర పురుగు. 2016లో ఆఫ్రికా పడమటి వైపున మొదట కనబడింది. 2018లో కర్ణాటకలో దిగింది, ఆ ఏడే మన తెలుగు జిల్లాల చేలనూ పట్టింది. గుంటూరు రైతు ఎంత హైరానా పడ్డాడో మానికా రైతూ అంతే పడ్డాడు. కాకపోతే ఇక్కడ చాలామందికి మందు కొనే స్తోమతే లేదు.

“ఇరవై మొక్కలు చూశాం. మూడింట్లో ఉంది,” అంది పిల్ల. పక్కనున్న పొడుగు కుర్రాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆకు అడుగున గుడ్ల గుంపు కనబడితే వేళ్లతోనే నలిపేశాడు.

అందరూ మామిడిచెట్టు కిందికి చేరారు. పెద్ద కాగితం పరిచి మైనపు రంగులతో మధ్యలో మొక్క గీశారు. ఒకవైపు శత్రు పురుగులు, రెండోవైపు మిత్ర పురుగులు, పైన మబ్బు, కింద నేల తడి. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన యువకుడు వెనక్కి చేరగిలి వింటున్నాడు. జవాబు చెప్పడు, అడుగుతాడు. “మందు కొట్టాలా?” “వద్దు, చీమలున్నాయి, సాలీళ్లున్నాయి, అవి తింటాయి.” “మరి ఆ మూడు మొక్కల సంగతి?” “సుడిలో ఇసుక పోద్దాం. బూడిద కూడా.” “బూడిద ఎక్కడిది?” “మా అమ్మమ్మ పొయ్యిలోది.”

చదివే మీలో పొలంబడికి వెళ్లినవాళ్లుంటే ఈ కాగితాన్ని ఇట్టే గుర్తుపడతారు. సుడిదోమ వరిని ఊడ్చేస్తుంటే, విచ్చలవిడిగా మందులు కొట్టడమే దోమను పెంచుతోందని తేలాక, 1989లో ఇండోనేషియాలో మొదలైన పద్ధతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో పొలంబడి అయింది. మొజాంబిక్‌కు వచ్చేసరికి దానికి ఇంకో అవసరం తోడైంది, అది గుండె పిండేసే అవసరం. అప్పట్లో ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోతున్నారు. మంచమెక్కిన తల్లి ఎప్పుడు విత్తాలో, ఏ విత్తనం దాచాలో బిడ్డకు చూపించేలోపే కన్నుమూస్తోంది. చేను ఉంది, దాన్ని పండించే తెలివి మాత్రం ఇంట్లో మిగల్లేదు. 2003-04లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి ఈ మానికా పరిసరాల్లోనే అనాథ పిల్లల కోసం పిల్లల పొలంబడులు మొదలుపెట్టాయి. పంటతోపాటు బతుకు పాఠాలూ చెప్పాలని అప్పుడే నిర్ణయించారు. తరవాత కెన్యా, మలావీ, నమీబియా, జింబాబ్వే దాకా పాకాయి.

కాగితం మడతపెట్టలేదు. ఆరోగ్య కార్యకర్త వచ్చి కూర్చుంది. పిల్లలు ఆమెను ‘మానా’ అని పిలుస్తారు, అక్కా అన్నట్టు. చేతిలోని అలసంద కాయలు వలుస్తూనే, “మొక్కకు శత్రువులెవరో చెప్పారు. మీకెవరు?” అంది.

ఇక్కడే కాస్త నిలబడి చూడమంటాను. తరగతి గదిలో ఇదే ప్రశ్న వేస్తే తలలన్నీ బల్లల్లోకి వంగిపోతాయి. ఇక్కడ ఎవరి ఒళ్లో కాయలు వాళ్లకున్నాయి. ఎవరి కళ్లలోకీ చూడనక్కర్లేదు. గింజలు చాటలో టపటపా పడుతుంటే మాటలూ పడుతున్నాయి. “ఆకలి.” “దోమ.” “తాగుడు.” “మార్కులేస్తానని సాయంత్రం రమ్మనే సారు.” “రోడ్డు మీద లారీ ఆపి చల్లని డ్రింకు కొనిపెట్టేవాడు.” “మా నాన్న పోయాక చేను కలిపేసుకున్న బాబాయి.” ఈ చివరి మాట పొడుగు కుర్రాడిది. అన్నీ కాగితంలో శత్రువుల వైపు ఎక్కాయి.

“మరి మిత్రులు?” అంది మానా. దీనికి తడుముకున్నారు. అమ్మమ్మ. మలేరియా మాత్రలిచ్చే ఆస్పత్రి నర్సు. బిడ్డతల్లి పిల్ల అంది, “ఈ జట్టు.”

మానా సంచీలోంచి కండోమ్ పొట్లం తీసింది. మొదట తేదీ చదివించింది. తరవాత రెండు వేళ్లతో నొక్కించింది, లోపల గాలి బుడగ తగలాలి, తగలకపోతే పారేయాలి. అంచు చేత్తో చింపాలి, పంటితో కాదు. కొస నొక్కి గాలి తీసేసి, పొట్టు తీసిన మొక్కజొన్న కంకి మీద తొడిగి చూపించింది. మగపిల్లలు పకపకా నవ్వారు. ఆమె వాళ్లను ఆపలేదు, నవ్వు అయిపోయేదాకా ఆగి కంకి వాళ్ల చేతికే ఇచ్చింది. ఒక్కొక్కరూ చేయాలి, ఆడపిల్లలు కూడా. మూడోవాడి వంతు వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు, తేదీ సరిచూస్తున్నారు. ఆ మధ్యలోనే ఒక పన్నెండేళ్ల పిల్ల గుడ్డతో ఇంట్లో కుట్టుకునే నెలసరి ప్యాడ్ గురించి అడిగింది. మగపిల్లలందరి ముందే అడిగింది. ఉతికాక చాటుగా దాచకూడదు, ఎండలోనే ఆరేయాలని జవాబు వచ్చింది.

తరవాతది చిత్రమైన పాఠం. చాప మీద మానా గింజలు పోసింది. పదహారేళ్ల కుర్రాళ్ల పేరిట ఒక కుప్ప, పాతికేళ్లవాళ్ల పేరిట ఒకటి, నలభై ఏళ్లవాళ్ల పేరిట ఒకటి. ప్రతి కుప్పలోనూ తెల్ల గింజల మధ్య నల్ల గింజలు. నలుపు అంటే హెచ్‌ఐవీ. చిన్నకుర్రాళ్ల కుప్పలో నలుపు వెతికితేగానీ దొరకదు. వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. 2021 సర్వే ప్రకారం ఈ దేశంలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో సుమారు ఎనిమిది మందికి ఒకరు హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. పదిహేను నుంచి పాతిక మధ్య వయసులో మగవాళ్లకన్నా ఆడపిల్లలకే ఎక్కువ సోకుతోంది, ఎందుకంటే వాళ్ల దగ్గరికి వచ్చేది చాలాసార్లు వాళ్ల ఈడువాళ్లు కాదు. కెన్యాలో ఇలాంటి పాఠాన్నే బళ్లలో ఒక్కసారి చెప్పి చూశారు, ఏ వయసు మగవాళ్లలో జబ్బు ఎంతుందో అంకెలతో సహా. టీనేజీ గర్భాలు 28 శాతం తగ్గాయి. ‘పెళ్లిదాకా ఆగండి’ అని మాత్రమే చెప్పే సర్కారు పాఠం వల్ల ఆ తగ్గుదల రాలేదు. పిల్లలకు బెదిరింపు అక్కర్లేదు, లెక్క చెబితే వాళ్లే ఆలోచించుకుంటారని నమ్మేవాళ్లలో నేనొకదాన్ని.

ఆ కుప్పలను చూస్తూ పచ్చచొక్కా పిల్ల అంది, “సరే మానా. కానీ ఆయన నాకు నోటుపుస్తకాలు కొనిస్తాడు. నేను వద్దంటే మీరు కొనిస్తారా?”

చేతులు ఆగాయి. మానా కోప్పడలేదు. “ఈ చాటలో ఎన్ని గింజలున్నాయి?” అంది. అమ్మితే ఎంతొస్తుందో చూద్దామని ఎవరో తక్కెడ తెచ్చారు.

ఈ బడి గురించి నేను చెప్పదలచుకున్నది ఈ తక్కెడ దగ్గరే ఉంది. రోగం ఎలా వస్తుందో ఆ పిల్లకు తెలుసు. ఇందాక అందరికన్నా శుభ్రంగా కండోమ్ తొడిగింది తనే. తెలియనిదల్లా ‘వద్దు’ అన్న మర్నాడు నోటుపుస్తకం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. ఆరోగ్య పాఠం ఒక శాఖదీ, వ్యవసాయం ఇంకో శాఖదీ అని విడగొట్టే అధికారులు ఈ ప్రశ్న విని ఉండరు. ఉగాండాలో బ్రాక్ సంస్థ 2008 నుంచి ఊళ్లలో ఆడపిల్లల క్లబ్బులు నడిపింది. చేతిపని, చిన్న వ్యాపారం నేర్పడం ఒకవైపు, శరీరం గురించీ సంబంధాల గురించీ చెప్పడం రెండోవైపు, రెండూ ఒకే గదిలో. క్లబ్బులున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ నాలుగేళ్లు పోల్చి చూశారు. సొంతంగా సంపాదించే ఆడపిల్లలు మొదట్లో ఉన్నదానికన్నా 48 శాతం పెరిగారు. టీనేజీ గర్భాలు మూడో వంతు తగ్గాయి. ఇష్టం లేకుండా తమతో శృంగారం జరిగిందని చెప్పిన పిల్లలూ దాదాపు మూడో వంతు తగ్గారు. ఈ చివరి అంకె చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఆ తగ్గుదలలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒక పిల్ల.

పొడుగు కుర్రాడి చేను సంగతి కూడా వదిలేయలేదు. మొజాంబిక్‌లో భూమి అంతా ప్రభుత్వానిదే అయినా, ఊరి ఆచారం ప్రకారం సాగుచేసుకునేవాళ్లకు దాని మీద హక్కు ఉందని 1997 భూమి చట్టం చెబుతుంది. ఆ హక్కు వారసులకు వస్తుంది, కొడుక్కే కాదు, కూతురికీ. “ఊరి పెద్ద దగ్గరికి ఒక్కడివీ వెళ్లకు, జట్టుగా వెళ్లండి,” అన్నాడు వ్యవసాయ శాఖ యువకుడు. “మీ నాన్న ఎన్నేళ్లు దున్నాడో పక్క చేలవాళ్లు చెప్పాలి. ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లండి.” ముగ్గురు తోడు వస్తామన్నారు, వారం ఖాయం చేసుకున్నారు.

బిడ్డ లేచి ఏడ్చింది. తల్లి చెట్టు మొదట్లో కూర్చుని పాలిస్తూనే వింటోంది. కొన్నేళ్ల కిందటైతే ఈ పిల్ల ఈ పగటి బడిలో ఉండేది కాదు. కడుపుతో ఉన్న పిల్లలను రాత్రి తరగతులకు పంపేయాలన్న 2003 నాటి విద్యాశాఖ ఆదేశం 2018 డిసెంబరులో రద్దయింది. చీకట్లో మైళ్లు నడవలేక చదువు మానేసిన వాళ్లెందరో. 2019లో పద్దెనిమిదేళ్ల లోపు పెళ్లిని నిషేధిస్తూ చట్టమూ వచ్చింది. 2011 సర్వేలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల ఆడవాళ్లలో 48 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలిన దేశం ఇది. చట్టం ఊరిదాకా రావాలంటే ఊళ్లో దాని పేరు తెలిసినవాళ్లుండాలి. ఈ ముప్పై మందికి తెలుసు.

పొద్దు వాలుతోంది, లెక్కలు మిగిలాయి. రేకుపెట్టె తెచ్చారు. దానికి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురి దగ్గర. ముగ్గురూ ఉంటేగానీ తెరుచుకోదు. ఇలాంటి పొదుపు సంఘాలు 1991లో నైజర్ దేశంలో పల్లె ఆడవాళ్లతో మొదలయ్యాయి, ఇప్పుడు ఆఫ్రికా అంతటా ఉన్నాయి. మన డ్వాక్రా సంఘాల్లో కూర్చున్నవాళ్లకు ఈ గొడవ కొత్తగా అనిపించదు. కిందటి కోత అలసందలు రోడ్డు పక్క సంతలో అమ్మిన డబ్బు ఇందులో ఉంది. మేకను కొందామని మగపిల్లలు. వచ్చే పంటకు విత్తనం ముందు అని మిగతావాళ్లు. “మేక చేలో పడితే?” “కట్టేస్తాం.” “ఎవరు కాపలా?” ఎవరూ చెయ్యెత్తలేదు. గింజలతో ఓట్లు వేశారు, విత్తనం గెలిచింది.

అప్పుడు పచ్చచొక్కా పిల్ల నిలబడింది. చెమటపట్టిన చేతులు పావడాకు తుడుచుకుని, “నాకు అప్పు కావాలి. నోటుపుస్తకాలకు,” అంది. పెట్టె తాళంచెవి పట్టుకున్న కుర్రాడు ఎంత అన్నాడు. చెప్పింది. ఎప్పుడు కడతావు అన్నాడు. అలసందలు అమ్మాక, నా వాటాలోంచి. హామీ ఎవరు?

“నేను,” అంది బిడ్డతల్లి, పాలిస్తూనే.

కుర్రాడు కొత్త పేజీ తిప్పి గీత కొట్టాడు. పేరు, మొత్తం, గడువు, హామీదారు. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పోసి వేలిముద్ర వద్దు, సంతకం పెట్టు అన్నాడు. ఆమె పెట్టింది. అతను తలెత్తి, “ఇంకెవరికి కావాలి?” అని గట్టిగా అడిగాడు. ఒకేసారి నాలుగు చేతులు లేచాయి.