చెరువు కట్ట, షాఫ్టు, త్రిభుజాలు

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి చుట్టుపక్కల పారిశ్రామిక చరిత్రను సాధారణంగా 1967 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. తర్వాత అణు ఇంధన సంస్థ ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారంలలో లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు పెట్టుకున్న చిన్న షాపులు పెరిగాయి. అలాంటి షాపుకి డ్రాయింగ్ లేని పాత విడిభాగం వస్తే, ఒకప్పుడు వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద గీసేవారు. ఇప్పుడు త్రీడీ స్కానర్ ఉంది. స్కానర్ ఇచ్చేది లక్షల త్రిభుజాల మెష్. దాన్ని సాలిడ్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే పనిని చాలామంది ఫైలు మార్పిడి అనుకుంటారు. అది మార్పిడి కాదు, మళ్లీ గీయడమే. ఇందుకు గట్టి సాక్ష్యం స్కానర్ల చరిత్రలో కంటే, ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ నేర్పే పాత సర్వే విద్యలోనే ఎక్కువ దొరుకుతుంది.

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. అది దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. 1818లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. గుట్టల మీద థియోడలైట్ నిలిపి, కోణాలు కొలిచి, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ వెళ్లారు. అంత కష్టపడి అల్లిన ఆ వల ఇంకా పటం కాదు. ఏ గుట్ట ఎక్కడుందో అది కచ్చితంగా చెబుతుంది. రెండు గుట్టల నడుమ వాగుందో, ఊరుందో చెప్పదు. ఆ వివరమంతా ప్లేన్ టేబుల్ మోసుకుని నేల మీద తిరిగిన సర్వేయర్లు నింపినదే. ఏది గీయాలి, ఏది వదలాలి అన్నది వాళ్లే తేల్చుకున్నారు.

కంప్యూటర్ వచ్చినా ఈ అవసరం తీరలేదు. బిందువులను త్రిభుజాలుగా కలిపే పద్ధతిని గణితవేత్త బోరిస్ డెలానే 1934లోనే చెప్పాడు. 1970ల్లో నేల ఎత్తుపల్లాలను త్రిభుజాల జాలంగా కంప్యూటర్‌లో పెట్టడం మొదలైంది. కాప్రా చెరువు లాంటి చోట కట్టకు అటూ ఇటూ చాలా బిందువులు, కట్ట పైన మాత్రం దూరదూరంగా కొన్నే తీసుకున్నామనుకుందాం. సాఫ్ట్‌వేర్ దగ్గరి బిందువులను చూసుకుని నీటి వైపు బిందువును కట్ట అవతలి బిందువుతో కలిపేస్తుంది. తెర మీద కట్టకు గండి పడుతుంది. నీటి పారుదల లెక్క వేస్తే నీళ్లు ఆ లేని గండి గుండా పోతాయి. ప్రతి కొలతా సరైనదే, ఫలితం మాత్రం తప్పు. అందుకే సర్వేయర్ కట్ట పొడవునా బ్రేక్‌లైన్ గీసి, ఏ త్రిభుజమూ దాన్ని దాటకుండా కట్టడి చేస్తాడు. అక్కడ కట్ట ఉందని బిందువులకు తెలియదు. తెలిసినవాడు చెప్పాలి.

యంత్ర భాగాల మెష్‌లో లేనిది కూడా ఇదే. మెష్‌ను సాధారణంగా దాచే ఎస్‌టీఎల్ ఫైలు 1987లో త్రీడీ సిస్టమ్స్ సంస్థ స్టీరియోలిథోగ్రఫీ అనే త్రీడీ ప్రింటింగ్ మిషన్ల కోసం పుట్టింది. అందులో ఒక్కో త్రిభుజానికి మూడు మూలలు, అది ఏ వైపు చూస్తోందో చెప్పే దిశ ఉంటాయి. మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది కూడా ఉండదు. అప్పటికే గీసి ఉన్న రూపాన్ని ప్రింటర్‌కు పంపడానికే దాన్ని తయారుచేశారు. తిరుగు ప్రయాణం ఎవరూ తలపెట్టలేదు. సాలిడ్ మోడలింగ్ పునాది వేరు. 1970ల్లో కేంబ్రిడ్జ్‌లో ఇయన్ బ్రెయిడ్ వంటివారు ఘనరూపాన్ని సమతలాలు, స్థూపాలు, వాటి అంచుల కలయికగా రాసే పద్ధతిని తీర్చిదిద్దారు. అక్కడ రంధ్రానికి అక్షం, వ్యాసం ఉంటాయి. మెష్‌లో అదే రంధ్రం చిన్న చిన్న చదును ముక్కల గోడ. ఉన్నదున్నట్టుగా సాలిడ్ చేస్తే ఒక్కో ముక్క ఒక్కో ముఖమవుతుంది. వ్యాసం మార్చుదామంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

6205 బేరింగ్ కూర్చునే షాఫ్టును చూడండి. ఆ బేరింగ్ లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. స్కాన్‌లో షాఫ్టు 24.93 వచ్చిందనుకుందాం. ఆ తేడా అరుగుదలా, స్కానర్ పొరపాటా? మెష్ చెప్పలేదు. బేరింగ్ సంగతి తెలిసిన డిజైనర్ 25 అని గీసి, ఫిట్‌కు తగిన టాలరెన్స్ ఇస్తాడు. 24.93కే తిప్పిన కొత్త షాఫ్టు మీద బేరింగ్ మొదటి రోజే వదులుగా తిరుగుతుంది.

కచ్చితమైన కొలతను మనిషి ఊహతో దిద్దడం ప్రమాదం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డిజైనర్ కూడా పొరబడతాడు. అయితే కొలతను అలాగే వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, పైగా ఎవరూ బాధ్యత తీసుకోని నిర్ణయం. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మెష్‌తో నేరుగా పనిచేస్తోంది కదా? నిజమే. సీమెన్స్ 2016లో తన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎన్‌ఎక్స్‌లో మెష్‌నూ సాలిడ్‌నూ ఒకే మోడల్‌లో కలిపే వీలు తెచ్చింది. సీటీ స్కాన్ నుంచి తీసిన దవడ ఎముకకు ఇంప్లాంట్ చేసేటప్పుడు, శిల్పానికి నకలు తీసేటప్పుడు మెష్‌ను మెష్‌గానే ఉంచడం మేలు. ఎముకకు గీసినవాడు లేడు, కనిపెట్టాల్సిన ఉద్దేశమూ లేదు. షాఫ్టును మాత్రం ఎవరో ఒక లెక్క ప్రకారం గీశారు. ఆ లెక్కను తిరిగి పట్టుకోవాల్సిందే.

కాబట్టి ఈ పని చేయించుకునేవాళ్లు సాలిడ్ ఫైలు ఒక్కటే అడగడం నాకు సరిగా తోచదు. సర్వే శాఖల్లో పటంతో పాటు ఫీల్డ్ బుక్ కూడా దాచే సంప్రదాయం ఉంది, పటంలో అనుమానం వస్తే కొలతల దాకా వెనక్కి వెళ్లొచ్చు. స్కాన్ మెష్‌ను, గీసిన సాలిడ్‌ను, 24.93ను 25 చేసిన కారణాన్ని ఒక్కచోట ఉంచితే, రేపు అదే షాఫ్టు మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ ఏం నిర్ణయించారో తెలుస్తుంది, నిర్ణయం తప్పైతే దిద్దుకోనూ వచ్చు.